చార్టు లేని సర్టిఫికెట్

నాకు భయం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. భిలాయిలో, రుఆబాంధా సెక్టార్లో మా క్వార్టర్ పెరట్లో పిల్లి దూకినా దొంగ అనుకుని అమ్మ చీర పట్టుకునేదాన్ని. ఆ భయాలన్నీ ఒక ఎత్తు, హథ్‌ఖోజ్‌లో మా వర్క్‌షాపు కంప్యూటర్ ముందు కూర్చుని మూడు కంపెనీల్లో ఒకదాన్ని ఎంచలేక భయపడిన ఆ మూడు వారాలు ఒక ఎత్తు. కంపెనీని ఎంచడానికి భయమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, నేనేం అనుకోను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి పదేళ్ళు దాటుతున్న రోజులవి. ఆ వర్క్‌షాపు మా బాబాయ్‌ది. బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. విజయనగరం వైపు నుంచి నాన్నా ఆయనా ఒకే ఏడు భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టులో చాలాకాలం పనిచేశారు. ఆయన ముందుగా పదవీ విరమణ తీసుకుని నాలుగు లేతు మిషన్లు పెట్టుకున్నాడు. ప్లాంటుకి కావలసిన పిన్నులు, షాఫ్టులు తయారుచేసి పంపేవాడు. నాన్న రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక అక్కడే సరుకు పరీక్ష చేసే పనికి కుదిరాడు. డ్రాయింగులు, సర్టిఫికెట్లు, ఈమెయిళ్ళు చూసుకునే కంప్యూటర్ మనిషిని నేను.

నాన్న పని గురించి కొంచెం చెప్పాలి. పిన్ను తయారయ్యాక దానిమీద నూనె రాసి, అగ్గిపెట్టె అంత ప్రోబు ఆనించి, చిన్న తెరమీద లేచే గీతలు చూస్తాడు. ఉక్కు లోపల పగులుంటే ఆ గీత మధ్యలో ఇంకో గీత లేస్తుంది. ఆ గీతల బొమ్మనే చార్టు అంటారు. చార్టు బాగుంటే నేను సర్టిఫికెట్ టైపు చేసేదాన్ని, నాన్న సంతకం పెట్టేవాడు. ప్లాంటు వాళ్ళు ఈమెయిల్‌లో పంపమనడం మొదలుపెట్టాక ఆయన సంతకాన్ని ఒకసారి స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాను. ఆయన చార్టు చూసి సరే అన్నాకే దాన్ని కాగితం కింద అతికించాలి. అది మా ఇద్దరి ఒప్పందం.

ఇంతలో కంప్యూటర్ చచ్చిపోయింది. వర్క్‌షాపులో గ్రైండింగ్ దుమ్ము అంతా అందులోకే పోయేది మరి. సూపేలా బజారులో రిపేరు చేసే భయ్యా డబ్బా విప్పి తిరగేస్తే నల్లటి ఇనప పొడి బల్లమీద కుప్పగా పడింది. "దీదీ, యే తో లోహే కీ ఖదాన్ హై," అన్నాడు, ఇది ఇనప గని అని. ఎలాగో బతికించాడు కానీ, రెండోసారి పోతే తన వల్ల కాదని చెప్పేశాడు. బాబాయ్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ప్లాంటు వాళ్ళు ఎన్నేళ్ళ కిందటి సరుకుకైనా సర్టిఫికెట్ చూపించమంటారు. చూపించలేకపోతే మా పేరు జాబితాలోంచి తీసేస్తారు.

కారఖానాల యజమానుల మీటింగులో ఆయన క్లౌడ్ అనే మాట విని వచ్చాడు. మన ఫైళ్ళు మన దగ్గర కాకుండా, ఎక్కడో పెద్ద కంపెనీవాళ్ళ మిషన్లలో అద్దెకు దాచుకోవడం. "పాపా, మనం కూడా అలగే పెట్టేద్దుం. ఏ కంపెనీ మంచిదో నువ్వే సూసి సెప్పు. నాకవేటీ తెలవ్వు," అన్నాడు.

సరే, చూశాను. మొదటిది విదేశీ కంపెనీ. ప్రపంచమంతా వాడుతోందట. కానీ దానికో మనిషి లేడు, ఫోను నంబరు లేదు. అన్నీ మనమే చదువుకుని మనమే కట్టుకోవాలి. డాలర్లలో కార్డు మీద చెల్లించాలి. బాబాయ్‌కి కార్డే లేదు. అక్కడితో దాని కథ అయిపోయింది.

రెండోది బొంబాయి కంపెనీ. వాళ్ళ మనిషి రాయ్‌పూర్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. టై కట్టుకుని గ్రైండింగ్ దుమ్ములో కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ అన్నీ ఓపిగ్గా చూపించాడు. మా పనికి తగ్గట్టు వాళ్ళ దగ్గర ఒక ఏర్పాటు ఉంది. ప్రతి సర్టిఫికెట్‌కీ దాని చార్టు జతపరచాలి. జత లేని సర్టిఫికెట్ పేరు ఎర్రగా వచ్చి ఒక జాబితాలో పడుతుంది. ఏ ఫైలు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు మార్చారు, అన్నీ ఉంటాయి. "ఇస్‌మే కుఛ్ భీ మిట్‌తా నహీ, దీదీ," అన్నాడు గర్వంగా. ఇందులో ఏదీ చెరగదని.

చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. ఎందుకంటే మా దగ్గర చార్టు లేని సర్టిఫికెట్ ఒకటి ఉంది. దాని కింద నాన్న సంతకం ఉంది. ఆ సంతకం అతికించింది నేను. నాన్నకి తెలియదు.

రెండేళ్ళ కిందట జరిగిందది. అమ్మకి పిత్తాశయం ఆపరేషన్ అయింది. నాన్న ఐదు రోజులు ఆసుపత్రి వదల్లేదు. మూడోరోజు ప్లాంటు నుంచి ఫోను వచ్చింది, బరువులెత్తే బీముకి నాలుగు పిన్నులు వెంటనే కావాలి, రేపు పొద్దున్నే బిగించాలి అని. పిన్నులు తయారుగా ఉన్నాయి, పరీక్ష కాలేదు. బాబాయ్ రాయ్‌పూర్ వెళ్ళాడు. బండి గుమ్మంలో నిలబడి హారన్ కొడుతోంది. డ్రైవర్ రెండుసార్లు లోపలికొచ్చి అరిచాడు. నేను నాన్నకి ఫోను చెయ్యొచ్చు. చెయ్యలేదు. అమ్మ అప్పుడే కళ్ళు తెరిచిందని విన్నాను, ఈ గోల ఎందుకులే అనుకున్నాను. పాత సర్టిఫికెట్ తీసి, నంబరు మార్చి, సంతకం అతికించి, ప్రింటు తీసి డ్రైవర్ చేతిలో పెట్టాను. ఎంత తెలివైనదాన్నో! నాన్న వచ్చాక చెబుదాం అనుకున్నాను. వచ్చాక రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రెండేళ్ళయింది.

ఇది బయటపడితే నాన్న గతేమిటని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు నేను. చెయ్యని పరీక్షకి సంతకం పెట్టాడంటారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క మాట పడని మనిషి. కేసు పెడతారేమో, పెన్షన్ ఆపుతారేమో, పోలీసులొస్తారేమో అని మనసు ఎక్కడెక్కడికో పోయేది. కూర వండుతూ ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు.

మూడోది హైదరాబాదులో చిన్న కంపెనీ. ఫోనెత్తిన అబ్బాయిది బొబ్బిలి దగ్గర ఊరట. "ఏటక్కా, మీది మన వైపేనా? మరి ముందే సెప్పాల కదా!" అన్నాడు. భిలాయిలో పుట్టి హిందీలో కలలు కనే నాకు ఆ యాస వింటే అమ్మ తలకి నూనె రాసినట్టు ఉంటుంది. మా వాళ్ళందరి జబ్బూ ఇదే. అవతలి గొంతులో 'ఏటి' అన్న మాట వినబడగానే ఇంటి తాళాలు చేతికిచ్చేస్తాం. పాత ఫైళ్ళ సంగతి అడిగాను. "పాతదాని మీద కొత్తది పడిపోద్దక్కా. ఎవులు పెట్టినారు, ఎప్పుడు పెట్టినారు అన్న గొడవేటీ ఉండదు. మీకెలగ కావాలంటే అలగ సేసిస్తాను," అన్నాడు. ఫోను పెట్టేసి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఛీ, దేవుణ్ణి ఏ పనికి పిలిచానో!

ప్లాంటు పద్ధతి ప్రకారం, కంపెనీల్ని పోల్చి మార్కులు వేసే మూడు గడుల కాగితం తయారుచేశాను. బాబాయ్‌కి ఏది కొనాలన్నా అలాంటి కాగితం కావాలి, గ్రీజు డబ్బా అయినా సరే. అద్దె, మాట్లాడే భాష, వాడకంలో సులువు, అన్నిటికీ మార్కులు వేశాను. బొంబాయి కంపెనీకి సులువు దగ్గర పదికి రెండు వేశాను. బొబ్బిలి అబ్బాయికి తొమ్మిది వేశాను. ఫైళ్ళ భద్రత అనే గడి పెట్టనే లేదు. ఆ పని చేస్తున్నంతసేపూ నా వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టే ఉండేది.

ఆ వారంలోనే ఇంట్లో కృతజ్ఞత కూడిక వచ్చింది. మేము క్రైస్తవులం. ఆపరేషన్ గండం గడిచినందుకు అమ్మ ప్రతి ఏడూ అదే రోజున సంఘస్థుల్ని పిలిచి ప్రార్థన పెట్టిస్తుంది. లేచి సాక్ష్యం చెబుతుంది. ఆ ఏడు కూడా ముందు గదిలో చాపల మీద పాతికమంది కూర్చున్నారు, సగం మంది ప్లాంటు వాళ్ళే. మా సరుకు కాగితాలు చూసే ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో గుమాస్తా ఆయన కూడా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ తేదీతో సహా చెప్పింది. "ఆ ఐదు రోజులూ ఈయన నా మంచం కోడు వదల్లేదు. నీళ్ళకి కూడా లెగలేదు. దేవుడికి స్తోత్రం," అంది. అందరూ స్తోత్రం అన్నారు. సర్టిఫికెట్ మీద ఉన్నది ఆ ఐదు రోజుల్లో మూడో రోజు తేదీ. నాన్న ఆ రోజు పనిలో లేడని మా అమ్మే ఏటేటా పాతికమందికి సాక్ష్యం చెబుతోంది! వడ్డిస్తుంటే గుమాస్తా ఆయన నావైపు చూసి నవ్వాడు. పులిహోర ఇంకొంచెం పెట్టమని అడగడానికట. గిన్నెలో ఉన్నదంతా ఆయనకే పెట్టేశాను.

మర్నాడు కాగితం బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన చూడకుండానే నాన్నకి అందించాడు. "నువ్వోపాలి సూసి సంతకం ఎట్టు," అన్నాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని నెమ్మదిగా చదివాడు.

"ఇదేటమ్మా, బొంబాయోడికి రెండే ఏసినావు?"

"వాడ్డం కష్టం నాన్నా."

"ఏటి కష్టం?"

"ఏదీ చెరపనివ్వదు. పొరపాటు చేస్తే అది అలాగే ఉండిపోతుంది."

నాన్న కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. తర్వాత బాబాయ్ వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. "విన్నావేట్రా! దానికి అది తప్పులాగ కనబడతంది!" అన్నాడు. ఇద్దరూ లాగ్‌బుక్ కబుర్లలో పడ్డారు. ప్లాంటులో ప్రతి షిఫ్టుకీ ఏం జరిగిందో రాసే పుస్తకం అది. అందులో తప్పు రాస్తే దిద్దకూడదు, రబ్బరు పెట్టకూడదు, పేజీ చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీయాలి, ఆ గీత కింద తప్పు చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఒకసారి ఎవరో బ్లేడుతో అక్షరం గీకితే వాళ్ళ ఫోర్‌మన్ అతన్ని మూడు రోజులు గేటు బయట నిలబెట్టాడట. "ఎవుడైనా తప్పు సేత్తాడు. అది కనబడకపోతే తరవాత షిఫ్టోడు సచ్చిపోతాడు," అన్నాడు బాబాయ్. నాన్న నా కాగితం మీద రెండు అంకె మీద ఒక్క గీత గీసి, పక్కన పది వేసి, సంతకం పెట్టాడు.

అలా బొంబాయి కంపెనీ ఖాయమైంది. పాత కంప్యూటర్ నుంచి అందులోకి ఫైళ్ళు ఎక్కించే పని మొదలైంది. ఆ ఫైలుని తీసిపారేస్తే? ప్లాంటు దగ్గర ప్రింటు ఉంది, ఎప్పుడైనా అడుగుతారు. దొంగ చార్టు చేసి పెడితే? మిషన్ తీసే చార్టు మీద ఇవాళ్టి తేదీ పడుతుంది. అన్ని దారులూ చూశాను. చివరికి ఏడుపు ముఖంతో ఆ సంవత్సరం ఫైళ్ళని ఆఖర్న పెట్టుకున్నాను. ఎక్కిస్తున్న కొద్దీ ఆ సంవత్సరం దగ్గరికొచ్చేది. నెట్ నెమ్మదిగా ఉంటే సంతోషించేదాన్ని. కరెంటు పోతే ఇంకా సంతోషించేదాన్ని.

నాన్నకి మాత్రం ఆ ఎర్ర జాబితా పెద్ద ఆట అయిపోయింది. పొద్దున్నే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు. ఎర్రగా ఒక పేరు రాగానే లేచి బీరువాలోంచి కాగితం చార్టు వెతికి తెచ్చేవాడు. నేను స్కాన్ చేసి జతపరిస్తే ఎరుపు పోయేది. "ఇంకోటి పోయింది!" అని చప్పట్లు కొట్టేవాడు. ఆయన్ని అంత హుషారుగా రిటైరయ్యాక నేను చూడలేదు.

ఆ రోజు భోజనాల ముందు వచ్చిందది. జాబితాలో ఒక్కటే ఎర్ర వరస. బరువులెత్తే బీము, పిన్నులు నాలుగు. నాన్న ముందుకి వంగి చదివాడు. "ఇదెప్పుడు సేసినాను?" అని గొణుక్కుంటూ బీరువా దగ్గరికి వెళ్ళాడు. పై అర చూశాడు, కింది అర చూశాడు. కట్టలన్నీ నేలమీదికి దించి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పాడు. గోడ గడియారం చప్పుడు, అవతల లేతు మిషన్ చప్పుడు, కాగితాల చప్పుడు. అరగంట వెతికి ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

"పరీక్ష సేసే ఉంటాన్లే. సెయ్యకుండా సంతకం ఎట్టను కదా. ఎక్కడో పారీసినట్టున్నాను," అన్నాడు. తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "వయసైపోతందమ్మా. మర్సిపోతన్నాను."

నోరు మూసుకుంటే చాలు, నేను తప్పించుకుంటాను. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. చార్టు పోయింది అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. తప్పంతా ఆయన మీద వేసుకోవడానికి ఆయనే తయారుగా ఉన్నాడు. కానీ ఆయన ముఖంలో ఆ బెదురు చూడలేకపోయాను. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయినవాడి ముఖం అది. రెండేళ్ళుగా కేసులకీ పోలీసులకీ భయపడ్డాను గానీ, ఈ ముఖానికి భయపడాలని నాకు తెలియలేదు.

"నువ్వు మర్చిపోలేదు నాన్నా. నువ్వు చెయ్యలేదు," అన్నాను. అంతా చెప్పేశాను. బండి, హారన్, పాత సర్టిఫికెట్, సంతకం, అన్నీ. ఏడుస్తూ చెప్పాను, కొంత హిందీలో కొంత తెలుగులో. కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. నా పరువు తీశావు అంటాడనుకున్నాను.

ఆయన అవేమీ అనలేదు. లేచి నిలబడ్డాడు. ఒక్కటే అడిగాడు.

"ఆ పిన్నులు ఇంకా బీముకే ఉన్నాయా?"

రెండేళ్ళలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. సంతకం గురించి ఆలోచించాను, తేదీ గురించి ఆలోచించాను, మూడు కంపెనీల్లో ఏది దాస్తుందో ఏది చూపిస్తుందో ఆలోచించాను. ఆ నాలుగు పిన్నుల మీద టన్నుల బరువు వేలాడుతోందని, దాని కింద మనుషులు నడుస్తున్నారని, ఒక్క రోజూ అనుకోలేదు.

నా ఏడుపు విని వచ్చిన బాబాయ్ ఫోను తీసుకుని, ప్లాంటులో ఆ బీము ఉన్న విభాగానికి, వాళ్ళ మాటలో షాపుకి, రెండుసార్లు చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ముగ్గురం రెండు స్కూటర్ల మీద ప్లాంటు గేటుకి వెళ్ళాం. నాన్న ఒళ్ళో పరీక్ష చేసే మిషన్ పెట్టె. దారి పొడుగునా అంబులెన్స్ ఎదురవుతుందేమోనని నేను రోడ్డు చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గర వాళ్ళిద్దరికీ పాసులు దొరికాయి, నాకు లేదు. పాన్ ఠేలా బండి పక్కన ఎండలో నిలబడ్డాను. షిఫ్టు మారే సైరన్ మోగింది. సైకిళ్ళ మీద, మోటార్ సైకిళ్ళ మీద వందల మంది బయటికొస్తున్నారు. హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు, నవ్వులు. ప్రతి ముఖాన్నీ చూశాను. ఇతనేనా దాని కింద నిలబడేది, ఇతనేనా అనుకుంటూ చూశాను. ఒక్కసారిగా ఇంతమంది బతికి ఉండటం చూస్తే ఏడుపు ఆగలేదు. పాన్ ఠేలా ఆవిడ, "కా హోగే బేటీ?" అని, ఏమైందమ్మా అని అడిగి నీళ్ళిచ్చింది.

సాయంత్రం అవుతుండగా నాన్నా బాబాయ్ వచ్చారు. బీము ఆపించారట. పిన్నులు నాలుగూ తీయించి, ఆ షాపు ఇంజనీరు ముందే పరీక్ష చేశారట. చార్టు ఎందుకు లేదో నాన్న తన చేత్తోనే రాసి ఇచ్చాడట. సంతకం నాది, జవాబుదారీ నాది అని. ఇకమీదట ఆయన సంతకం అక్కడ చెల్లదు. ఇదంతా చెప్పింది బాబాయ్. నాన్న చేతి సంచిలోంచి ఒక పిన్ను తీసి నా చేతుల్లో పెట్టాడు. నా మణికట్టు అంత లావుంది. మధ్యలో సుద్దతో చుట్టూ గీత గీసి ఉంది.

"మూడు బాగున్నాయి," అన్నాడు.

ఆ సుద్ద గీత మీద బొటనవేలు పెట్టి రాశాను. నున్నగా ఉంది. మళ్ళీ రాశాను. గోటితో గీరి చూశాను.

"నాకేమీ తగలట్లేదు నాన్నా."

"తగల్దమ్మా," అన్నాడు నాన్న. "లోపలుంది."